ఎడమ పక్క చైను

కప్పు చెవి ఊడి సాసర్లో పడి ఉంది. పోలీస్ స్టేషన్లో కప్పులు అలాగే ఉంటాయి, ఎవరూ పట్టించుకోరు. హల్మోష్ వింత్సె మాత్రం ఆ ముక్కను దీపం వెలుగుకి ఎత్తి చూశాడు. కోటు జేబులోంచి చిటికెన వేలంత ట్యూబ్ తీసి ఒక్క చుక్క గమ్ వేశాడు. ముక్కను దాని చోట ఆనించి, కాసేపు ఊపిరి బిగబట్టి, వదిలేశాడు. చెవి అతుక్కుపోయింది.

"ఊడినదీ వంకరదీ కంటపడితే నా చేతులు ఊరుకోవు," అన్నాడు నవ్వుతూ. "మా ఆవిడ బతికున్నప్పుడు ఇదే గొడవ. పక్కింటివాళ్ళ గోడ మీద పటం పక్కకి ఒరిగి ఉంటే నేను లేచి సరిచేసేవాణ్ణి."

లెఫ్టినెంట్ బారాని తుండేకి ఒళ్ళు మండిపోయింది. ఒక మనిషి ప్రాణం గంటల మీదికి వచ్చి ఉంది. ఈయన కప్పులు అతికిస్తున్నాడు.

ఆ మనిషి పేరు జొంబోరి ఎలెమేర్. డెబ్బై దాటిన వయసు. ఈ ఫెహేర్వార్ ఊళ్ళోని బస్సుల ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసి రిటైరయ్యాడు. నిన్న ఉదయం భుజానికి సంచి తగిలించుకుని బస్సెక్కినవాడు తిరిగి రాలేదు. షుగర్ జబ్బు ముదిరిపోయి పూటపూటకీ ఇన్సులిన్ పొడుచుకోవాలి. మిగతా మందంతా ఇంట్లో ఫ్రిజ్‌లోనే ఉంది. ఈ రాత్రికి మందు పడకపోతే ఇక వెతకడం అనవసరమని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

"ఆదివారం పోటీలో ఏం జరిగింది?" అడిగింది తుండే.

"ఏం జరుగుతుంది అమ్మాయ్? ఏటా ఎవడో ఒకడు ఏడుస్తాడు. ఈ ఏడు మా ఎలెమేర్ వంతు."

"అమ్మాయ్ కాదు. లెఫ్టినెంట్."

"అయ్యో, అలాగే లెఫ్టినెంట్ గారూ. ముప్పై ఏళ్ళ స్నేహం మాది. మీకు చెబితే నవ్వుతారు, నలభైమంది ముసలాళ్ళం, యుద్ధం నాటి ట్యాంకుల్ని అరచేతిలో పట్టేంత చేసి, బోల్టు బోల్టుకీ కొలత చూసుకుంటూ బతుకుతాం. ఎలెమేర్ ఈసారి జ్రీనీ చేశాడు. మన సైన్యానిదే, గోపురం లేని ఫిరంగి బండి. మూడేళ్ళు కూర్చుని చేశాడు. నేను చీఫ్ జడ్జిని. స్నేహితుడని మార్కులు వేస్తే నా మొహాన ఉమ్మేస్తారు."

"ఎందుకు కోశారు మార్కులు?"

హల్మోష్ కళ్ళలో వెలుగొచ్చింది. తప్పులు చెప్పమంటే ఈ జాతి మనుషులకి ఆకలి దప్పికలుండవు. చెమ్చా, చక్కెర పొట్లం, పొగాచా రొట్టె ముక్క బల్ల మీద పేర్చి, బండి ముందు ఇటు, వెనక ఇటు అని చూపించాడు.

"ఎడమ పక్క చైను తిరగేసి ఎక్కించాడు! చక్రాల చుట్టూ తిరిగే ఆ ఇనుప చైనులో ఒక్కో పలక మీద చిన్న గట్టు ఉంటుంది. దాని వాలు ఇటు ఉండాలి. కుడి పక్క సరిగ్గానే ఉంది, ఎడమ పక్క అటుది ఇటైంది. మొదటిసారి మోడల్ చేసే పిల్లాడు చేసే తప్పు. పక్క పలకకి ఎక్కడా లేని అతుకు ఒకటి వేశాడు, అది వేరే సంగతి. నలుగురిలో చెప్పాను. ఇలాగే ఉంది, ఇలాగే ఉంటుంది అని అరిచాడు. పెట్టె చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ అవమానం తట్టుకోలేకపోయాడేమో పాపం."

"పాపం అంటున్నారు. చచ్చిపోయాడని మీకెవరు చెప్పారు?"

చెమ్చా ఆగింది. ఆగింది ఒక్క క్షణమే.

"ఎవరూ చెప్పలేదు. వయసు, జబ్బు, అవమానం. భయం వేస్తుంది కదా."

"ఆ తర్వాత ఆయన్ని చూశారా? ఆయన వర్క్‌షాప్‌కి వెళ్ళారా?"

"నా మీద కోపంగా ఉన్నవాడి గడప ఎందుకు తొక్కుతాను? ఆదివారం తర్వాత ఆయన్నీ చూడలేదు, ఆ జ్రీనీనీ చూడలేదు."

తుండే తర్వాతి ప్రశ్న నాలుక మీదే ఉండిపోయింది. తలుపు తట్టకుండా తోసుకుని కెప్టెన్ వెరెబేయి లోరాంత్ వచ్చాడు. జిల్లా కార్యాలయం మనిషి. కొత్త కోటు, కొత్త మఫ్లర్, పాత అహంకారం. కిందటేడు తుండే నెల్లాళ్ళు తిరిగి పట్టుకున్న దొంగని టీవీవాళ్ళ ముందు తన పక్కన నిలబెట్టుకున్న ఘనుడు.

"హల్మోష్ గారూ, మిమ్మల్ని ఇబ్బంది పెట్టాం, ఇక వెళ్ళొచ్చు," అన్నాడు. తర్వాత తుండే వైపు తిరిగి, "వెలెన్సె సరస్సు రేవు మీద ముసలాయన కోటు దొరికింది. పడవలు దింపించాను. కుక్కలు కూడా అక్కడే. నీ విచారణ కట్టిపెట్టు."

హల్మోష్ తల వంచుకుని కళ్ళు తుడుచుకున్నాడు. లేచి వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర క్యాలెండర్ పక్కకి జరిగి ఉంటే సరిచేసి మరీ వెళ్ళాడు.

తుండే బల్ల మీది కప్పు వంక చూస్తూ నిలబడింది. గమ్ వేసిన చోట చుట్టూ తెల్లగా పాలపొర లాంటిది కమ్ముకుంది.

*

ఎలెమేర్ వర్క్‌షాప్ అపార్ట్‌మెంట్ కింద సెల్లార్లో ఉంది. కట్టెలూ బంగాళదుంపలూ పెట్టుకునే గది అది. తలుపు చట్రం మీద చెయ్యి పెడితే తాళంచెవి తగిలింది.

"ఎప్పుడూ ఇక్కడే పెడతారా?" అడిగింది తుండే.

"క్లబ్బు వాళ్ళందరికీ తెలుసు మేడమ్. మంగళవారం మంగళవారం ఇక్కడే చేరతారు," అంది ఎలెమేర్ కూతురు ఎమొకే. ముప్పై ఏళ్ళుంటాయి. రాత్రంతా నిద్రలేక కళ్ళు వాచిపోయాయి. "ఈ మంగళవారం మాత్రం నాన్న ఎవర్నీ రానివ్వలేదు. మేమిద్దరం మా పిన్ని ఇంటికెళ్ళి రాత్రి అక్కడే పడుకున్నాం. తెల్లారి నన్ను ఆఫీసు దాకా దిగబెట్టి, పని ఉందంటూ బస్సెక్కారు. అంతే."

తుండే దీపం వేసింది. బల్ల మీద శ్రావణాలూ, ఆకురాళ్ళూ, సన్నకుంచెలూ ఒక వరసలో ఉన్నాయి. గోడకి చిల్లుల చెక్క, దాని మీద ఒక్కో పనిముట్టుకీ దాని ఆకారంలో గీసిన గీత. ఏది లేకపోయినా తెలిసిపోతుంది. ఏదీ పోలేదు. పోటీకి తీసుకెళ్ళిన పెట్టె బల్ల కింద ఉంది.

"ఆదివారం వచ్చినప్పట్నుంచి దాన్ని ముట్టుకోలేదు. దాని మొహం చూడనన్నారు." ఎమొకే పెట్టె వంక చూసింది. "వాళ్ళు నవ్వారు మేడమ్. నలభైమంది నవ్వారు. అప్పుడు నాన్న అన్నారు, నా ఈ రెండు కళ్ళతో చూశాను రా, ఇలాగే ఉంది అని."

తుండే చటుక్కున తల తిప్పింది. "ఏం చూశానన్నారు?"

"బండిని. ఎక్కడా లేదంటారు కదా, ఎక్కడో పరాయి దేశం మ్యూజియంలో ఒక్కటుందట. నాకేం తెలుసు? నేనూ కోపంలో అన్న మాటే అనుకున్నాను."

హల్మోష్ అన్ని తప్పులూ ఏకరువు పెట్టాడు. ఈ ఒక్క మాట మాత్రం మింగేశాడు. తుండే పెట్టెని బల్ల మీదికి ఎత్తింది.

జ్రీనీ రెండు అరచేతుల్లో ఒదిగేంత ఉంది. ఆ వయసు చేతులు చేసిన పని అంటే నమ్మబుద్ధి కాదు. మేకు తలంత బోల్టులు, వెంట్రుకంత తీగలు. ఒక పక్క పలక మీద అడ్డంగా అతుకు, వెల్డింగ్ పొంగు దాకా.

"పోటీలో తీసిన ఫొటోలున్నాయా?"

ఎమొకే తన ఫోన్లో ఉన్నవన్నీ తుండే ఫోన్‌కి పంపింది. ఇంతలో ఆమె ఫోనే మోగింది. రెండు మాటలు విని గోడకి చేరగిలబడింది.

"కెప్టెన్ గారు. కోటు నాన్నదో కాదో చూడ్డానికి రమ్మంటున్నారు. కారు పంపిస్తున్నారట." తుండే చెయ్యి పట్టుకుంది. "మీరు చెప్పండి మేడమ్. నాన్న బతికే ఉన్నారా?"

ఇలాంటి చోట ఏం చెప్పాలో పోలీసులకి నేర్పుతారు. తుండే ఆ నేర్పిన మాటలు పక్కన పెట్టింది.

"ఉన్నారనుకునే వెతుకుతున్నాను. నా నంబర్ పెట్టుకోండి. ఏం అనిపించినా, చిన్నదైనా సరే, ఫోన్ చెయ్యండి."

ఎమొకే మెట్లెక్కి వెళ్ళిపోయింది. తుండే కుర్చీలో కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. ఆ ఇరుకు గదిలో కాలు కాలిన పిల్లిలా మూడు వైపులా తిరిగింది. ఫోన్లో ఫొటో పెద్దది చేసి మోడల్ పక్కన పెట్టింది. స్టేషన్ బల్ల మీద హల్మోష్ పేర్చి చూపించిన చెమ్చా, చక్కెర పొట్లం, రొట్టె ముక్క గుర్తు చేసుకుంది. ముందు ఇటు, వెనక ఇటు, గట్టు వాలు ఇటు.

ఫొటోలో ఎడమ చైను తిరగబడే ఉంది. హల్మోష్ అబద్ధం చెప్పలేదు.

బల్ల మీదున్న బండికి మాత్రం ఎడమ చైను సరిగ్గా ఉంది.

ఆమె మళ్ళీ చూసింది. ఫొటో, బండి. బండి, ఫొటో. చైనుకి కింద పట్టిన మట్టి ఫొటోలో ముద్దలు ముద్దలుగా ఉంది. ఇక్కడ ఎడమ పక్క గీకేసినట్టు బోసిగా ఉంది. దీపం దగ్గరికి లాగి, భూతద్దం పట్టి వంగింది.

*

"తుండే! బొమ్మలతో ఆడుకుంటున్నావా?"

వెరెబేయి తల వంచుకుని సెల్లార్లోకి దిగాడు. "అక్కడ నా వాళ్ళు నడుం లోతు నీళ్ళలో ఉన్నారు."

"వాళ్ళని గట్టెక్కమనండి సార్, జలుబు చేస్తుంది. ముసలాయన నీళ్ళలో లేడు."

"కోటు రేవు మీదుంది."

"మడత పెట్టి ఉందా, పడేసి ఉందా?"

"మడత పెట్టే ఉంది. అయితే?"

"అంచుకి అంచు కలిపి, బట్టల షాపులో పెట్టినట్టు?"

కెప్టెన్ భుజాలెగరేశాడు. అంటే అలాగే ఉందన్నమాట.

"చచ్చేవాడికి నీటు తక్కువుండాలని రూలేం లేదు," అన్నాడు. "ఈయన కొలతల మనిషి. నలుగురిలో పరువు పోయింది. దూకాడు. నీకు హత్య కావాలి, పేపర్లో పేరు కావాలి."

"పేపర్లో పేరు సంగతి మీకు తెలిసినంత నాకు తెలియదు లెండి." తుండే మోడల్‌ని ఆయన ముందుకి తోసింది. "ఇది చూడండి. ఆదివారం ఈ చైను తిరగబడి ఉంది. దాని కోసమే గొడవ. ఇప్పుడు సరిగ్గా ఉంది."

వెరెబేయి ఫొటో చూశాడు, బండి చూశాడు, పెదవి విరిచాడు. "ఇంతేనా? తప్పు తెలుసుకున్నాడు, సరిచేసుకున్నాడు, సిగ్గుపడి చచ్చాడు. నా మాటే రుజువైంది."

"ఆయనకది తప్పు కాదు సార్. అసలు బండికి అలాగే ఉంది. ఎనభై ఏళ్ళ కిందట ఎవరో కుర్ర సైనికులు, తరుముకొస్తుంటే, చీకట్లో హడావుడిగా ఎక్కించుకుని ఉంటారు. దాన్ని ఆయన కళ్ళతో చూశాడు. చూసింది చూసినట్టు చేశాడు. ప్రాణం పోయినా మార్చడు."

"కథలు బాగా అల్లుతావు."

"గమ్ కథ కాదుగా! ఎలెమేర్‌కి ఊపిరితిత్తులు బాగాలేవు, చిటికెలో అతికే గమ్ వాసన పడదని పొద్దున ఫిర్యాదు రాయించేటప్పుడు కూతురే చెప్పింది. అందుకే చైనులన్నీ సన్న పిన్నుతో బిగిస్తాడు. కుడి పక్క పిన్నుంది చూడండి. ఈ గదంతా వెతికాను, ఆ గమ్ ట్యూబ్ ఒక్కటీ లేదు. ఎడమ పక్క మాత్రం గమ్‌తో అతికించారు. చుట్టూ ఈ తెల్లపొర చూశారా? ఇలాంటిదే ఇంకోటి మన స్టేషన్లో కాఫీ కప్పు మీదుంది. మధ్యాహ్నం నా ఎదురుగా వేసిందే."

వెరెబేయి నెమ్మదిగా మఫ్లర్ విప్పాడు. ఆయన మూర్ఖుడే కానీ మొద్దు కాదు.

"హల్మోష్?"

"ఆదివారం తర్వాత ఈ బండిని చూడనేలేదన్నాడు. మంగళవారం రాత్రి ఇంట్లో ఎవరూ లేరు, తాళంచెవి ఎక్కడుంటుందో తెలుసు. వచ్చాడు. చైను ఊడదీశాడు, కావలసింది తీసుకున్నాడు. తిరిగి పెట్టేటప్పుడు, ఉన్నది ఉన్నట్టు తిరగేసి పెట్టాలని బుర్రకి తెలుసు. చేతులు వింటేగా? నలభై ఏళ్ళుగా చైను సరిగ్గా ఎక్కించిన చేతులు. వాటంతటవే సరిగ్గా పెట్టేశాయి. మీరో నేనో అయితే ఎటు పడితే అటు పెట్టేవాళ్ళం, దొరికేవాళ్ళం కాదు. గమ్‌లో వేలిముద్ర కూడా పడింది. ఇదిగో, చక్రం పక్కన."

"కావలసింది తీసుకున్నాడన్నావు. ఏమిటది?"

"మట్టి."

కెప్టెన్ నవ్వబోయి మానుకున్నాడు.

"బండి ఎక్కడి మట్టిలో ఉందో ఆ మట్టే తెచ్చి, జల్లించి, మోడల్‌కి పూసి పైన రంగు వేయడం ఎలెమేర్ అలవాటట. అదీ పొద్దున్నే కూతురు చెప్పింది, నా బుర్రకి ఎక్కలేదు. ఎడమ చైను కింద ఉన్నదంతా గీకేశాడు. చక్రం వెనక కొంచెం మిగిలిపోయింది." తుండే సూదిమొన మీద ఒక పలుకు తీసి తెల్లకాగితం మీద రాల్చింది. ఎర్రగా, ఇటుక పొడిలా ఉంది. "మన జిల్లాలో ఈ రంగు మట్టి ఎక్కడుంది సార్?"

ఆ ప్రశ్నకి ఫెహేర్వార్‌లో బడిపిల్లలు కూడా జవాబు చెబుతారు.

"వెర్తెష్ కొండల్లో," అన్నాడు వెరెబేయి. "మూతపడ్డ బాక్సైట్ గని."

"గని అంటే ఒక్క గొయ్యి కాదు, కొండంతా సొరంగాలే. మట్టి చూస్తే కొండ తెలుస్తుంది, సొరంగం తెలియదు. అది చెప్పాల్సింది ఎలెమేరే. నిన్న ఆయన బండిని చూసుకోవడానికో, ఫొటో తీసి నలభైమంది నోళ్ళు మూయించడానికో వెళ్ళాడు. హల్మోష్ దారి కాచి ఉంటాడు. ప్రపంచంలో రెండోది అంటే దానికి ఎవరెంతిస్తారో మీరూ నేనూ ఊహించలేం. ముసలాయన నోరు విప్పకపోతే, విప్పేదాకా ఎక్కడో బంధించి ఉంటాడు. బతికే ఉన్నాడు సార్. చస్తే హల్మోష్‌కి బండి లేదు." తుండే కోటు తొడుక్కుంటోంది. "ముందు హల్మోష్‌ని పట్టుకోవాలి. ఎక్కడున్నాడు?"

వెరెబేయి విప్పిన మఫ్లర్‌ని వేళ్ళకి చుట్టుకుంటున్నాడు.

"సార్, హల్మోష్ ఎక్కడున్నాడు?"

"నా దగ్గర కారు ఖాళీగా లేదు," అన్నాడు ఆయన. గొంతులో ఇందాకటి బింకం లేదు. "ఆయనే అడిగాడు. స్నేహితుడి కూతురు, ఒంటరిగా ఏం వస్తుంది, నేను తీసుకొస్తానన్నాడు. పెద్దమనిషి అనుకున్నాను. పాపం ఎంత ముందుచూపంటే, ఆ అమ్మాయికి ఫోన్ చేసి, ఫ్రిజ్‌లో ఉన్న మందు కూడా సంచిలో వేసుకో అమ్మా అని నా ఎదురుగానే చెప్పాడు."

తుండే కోటు ఒక చేతికే ఉండిపోయింది.

"మీరు సరస్సులో శవం కోసం వెతుకుతున్నారు. శవానికి ఇన్సులిన్ ఎందుకు సార్?"

వెరెబేయి మొహం పాలిపోయింది. ఆ మాట మధ్యాహ్నమే తనకి తట్టాల్సింది. తట్టలేదు. ఇద్దరూ ఒకేసారి మెట్ల మీదికి పరుగెత్తారు. పైన వంటింట్లో ఫ్రిజ్ తలుపు తీస్తే, మందు పెట్టే అరలో వెన్న డబ్బా, సగం తిన్న సాసేజ్ ఉన్నాయి. మందు లేదు. ముసలాయన నోరు విప్పించడానికి హల్మోష్ చేతిలో ఇప్పుడు రెండున్నాయి, మందూ, కూతురూ.

తుండే జేబులో ఫోన్ మోగింది. ఎమొకే.

"మేడమ్, కెప్టెన్ గారు ఫోన్ ఎత్తడం లేదు. మేం కొంచెం ఆలస్యంగా వస్తామని చెబుతారా? సరస్సు రోడ్డు తవ్వేశారని హల్మోష్ వింత్సె బాబాయ్ కొండ దారిన తీసుకొచ్చారు." గాలి హోరులో ఆమె గొంతు తెగుతూ వినిపిస్తోంది. "ఇక్కడేదో గేటు అడ్డంగా ఉంటే తీయడానికి దిగాను. చిన్నదైనా చెప్పమన్నారు కదా, అందుకని. బూట్లన్నీ పాడైపోయాయి మేడమ్, ఎక్కడ చూసినా ఎర్ర బురదే."

"ఎమొకే, నేను చెప్పేది విను. కారెక్కకు. పరుగెత్తు, రోడ్డు వైపు..."

"ఫోన్ పెట్టెయ్ తల్లీ," అంది అవతల ఒక మగ గొంతు, చాలా దగ్గరగా, చాలా మెత్తగా. "నీ మఫ్లర్ జారిపోయింది చూడు. ఇటు తిరుగు, సరిచేస్తాను."

లైను తెగిపోయింది.

తుండే అప్పటికే కారు తాళంచెవి చేతిలోకి తీసుకుంది. వెనక వెరెబేయి వైర్‌లెస్‌లో అరుస్తున్నాడు, ఒక్కొక్క పేరూ పిలుస్తున్నాడు, ఒక్కొక్క జవాబూ వింటున్నాడు. వీధిలోకి వచ్చేసరికి ఆయన మాట బాగా తగ్గిపోయింది.

"కుక్కలూ పడవలూ మనుషులూ, అందర్నీ నేనే సరస్సుకి పంపాను తుండే. కొండ వైపు ఒక్కడూ లేడు."